ఆ మాట దానికి ఎవరు నేర్పారు?

మొన్న దసరా సెలవుల్లో మా అక్కకూతురు వచ్చినప్పుడు దాన్ని డాబా మీద కూర్చోబెట్టి నేను రాస్తున్న పిల్లల ఫాంటసీ నవల మూడో చాప్టర్ దాకా చదివి వినిపించాను. కథ మన వైజాగ్‌లోనే, వన్‌టౌన్‌లో జరుగుతుంది. పాత పోస్టాఫీసు వెనకాల సందులో ఒక పెంకుటిల్లు, అందులో పన్నెండేళ్ళ పిల్ల, డాల్ఫిన్స్ నోస్ కొండ మీంచి రాత్రిపూట దిగి ఇళ్ళలోకి దూరే ఒక నీడ. ఆ నీడ గుమ్మం దాటకుండా ఉండాలంటే పిల్ల తలుపుకి ఒక మాట చెప్పాలి. ఆ మాట కోసం నేను నాలుగు రోజులు కూర్చున్నాను, చివరికి "వెంటోరియస్" అని పెట్టాను, పలకడానికి బాగుంది, గంభీరంగా ఉంది అనుకున్నాను. అది అక్కడిదాకా బుద్ధిగా విని, "మావయ్యా, ఆ పిల్లది వన్‌టౌన్ కదా, మరి ఆ మాట దానికి ఎవరు నేర్పారు?" అంది.

నా దగ్గర జవాబు లేదు. ఎవరు నేర్పుతారు, వాళ్ళమ్మ నేర్పదు, నాయనమ్మ నేర్పదు, కనకమాలక్ష్మి గుడి దగ్గర పసుపూ కుంకం అమ్మే ఆవిడ నేర్పదు. నేనే గాల్లోంచి తీసి దాని నోట్లో పెట్టాను. ఆ ప్రశ్న పట్టుకుని రెండు నెలలు తిరిగాను, కథల్లో నిలబడిపోయిన మంత్రపు మాటలు అసలు ఎక్కణ్ణుంచి వచ్చాయా అని. ఇప్పుడు నాకు గట్టిగా అనిపించేది ఒకటే, నిలబడిన ప్రతి మాటా అంతకుముందు ఎవరో ఒకరి ఇంట్లో ఏదో ఒక పని చేసిన మాటే. జ్వరం దగ్గరో, గింజల దగ్గరో, పూజ దగ్గరో.

అబ్రకదబ్ర సంగతే చూడండి. ఇప్పుడది మనకి టోపీలోంచి కుందేల్ని తీసేవాళ్ళ మాట, బర్త్‌డే పార్టీల మాట. కానీ రాతలో అది మొదట కనిపించేది ఒక వైద్యం పుస్తకంలో. క్రీస్తుశకం రెండు, మూడు శతాబ్దాల నాటి రోమ్‌లో క్వింటస్ సెరెనస్ సమ్మోనికస్ పేరు మీద పద్యాల్లో ఉన్న వైద్యగ్రంథం అది. వచ్చి పోయి మళ్ళీ వచ్చే ఒక రకం జ్వరానికి అందులో చెప్పిన చికిత్స ఏంటంటే, ఆ మాటని పపైరస్ (అప్పటి కాగితం) మీద రాయాలి, కింద వరుసలో చివరి అక్షరం తీసేసి మళ్ళీ రాయాలి, ఇంకో అక్షరం తీసేసి ఇంకో వరుస, అలా చివరికి ఒక్క అక్షరం మిగిలే దాకా. లాటిన్‌లో ఆ మాటకి 11 అక్షరాలు, కాబట్టి 11 వరుసలు, మొత్తం చూస్తే కిందికి కొన తేలిన త్రికోణం. దాన్ని నార దారంతో రోగి మెడలో కట్టాలి. మాట ఎలా కరిగిపోయిందో జ్వరం కూడా అలా కరిగిపోవాలన్నమాట.

ఇది చదవగానే నేను లేచి నిలబడ్డాను. ఇది తాయెత్తు! రాగిరేకు మీద బీజాక్షరాలు రాయించి, చుట్టి, నల్లదారంతో పిల్లాడి మెడలో కట్టడం చూడనివాళ్ళు మనలో ఎవరున్నారు? అది కూడా చలిజ్వరం దగ్గరే. మన వైపు పెద్దవాళ్ళు మన్యం జ్వరం పేరు చెప్తేనే వణికేవాళ్ళు, పాడేరు వైపు ఉద్యోగం పడితే ఇంట్లో ఆడవాళ్ళు ఏడ్చిన రోజులున్నాయి. రోమ్‌లో ఆ జ్వరం కూడా మలేరియాలో ఒక రకమే అని ఇప్పుడు అంటున్నారు. అంటే దోమ కుట్టి, రోజు విడిచి రోజు వణికిపోతున్న మనిషి పక్కన కూర్చున్న వాళ్ళ చేతిలో ఇంకేమీ లేనప్పుడు ఉన్న మాట అది. 1665 లండన్ ప్లేగు గురించి డేనియల్ డెఫో 1722లో రాసిన పుస్తకంలో కూడా జనం ఆ త్రికోణాన్ని కట్టుకుని తిరగడం ఉంది. పదిహేను వందల ఏళ్ళకి దగ్గరగా భయపడ్డ మనుషుల మెడల్లో ఉండి, ఆ తర్వాత స్టేజీ ఎక్కింది. అందుకే దానికి ఆ బరువు. మనం కూర్చుని నాలుగు రోజుల్లో ఆ బరువు తయారుచెయ్యలేం.

రెండోది నువ్వులు. ఆలీబాబా గుహ తలుపు తెరిచే మాటలో ఉన్నది నువ్వులే, అరబిక్‌లో సిమ్‌సిమ్ అంటే అవే. ఆ కథ వచ్చిన దారి కూడా చిత్రంగా ఉంటుంది. వెయ్యిన్నొక్క రాత్రుల కథల్ని ఫ్రెంచిలోకి తెచ్చిన ఆంట్వాన్ గలాండ్ దగ్గరున్న అరబిక్ ప్రతిలో ఈ కథ లేదు. సిరియాలోని అలెప్పో నుంచి పారిస్ వచ్చిన హన్నా దియాబ్ అనే కుర్రాడు 1709లో నోటితో చెప్తే ఆయన నోట్ చేసుకున్నాడు, గలాండ్ పోయాక 1717లో అచ్చయ్యింది. అంటే ఆ మాట పుస్తకంలోంచి పుస్తకంలోకి దూకలేదు, ఒక మనిషి నోట్లోంచి వచ్చింది.

నువ్వులే ఎందుకు అని పండితులు చాలా చెప్తారు గానీ, విజయనగరం, శ్రీకాకుళం వైపు పొలాలున్న ఇళ్ళల్లో పెరిగినవాళ్ళకి పండితులు అక్కర్లేదు. నువ్వుకాయ పూర్తిగా ఎండిందా, దానంతటదే నోరు తెరిచి గింజలన్నీ నేలపాలు చేస్తుంది, అందుకే ఆకు పసుపు తిరిగి రాలుతుండగానే కోసేసి, కట్టలు కట్టి నిలబెట్టి, ఎండాక తలకిందులుగా పట్టుకుని దులుపుతారు. లోపల సంపద దాచుకుని, టైమొస్తే తటాలున తెరుచుకునే కాయ. గుహ తలుపుకి ఇంతకంటే సరైన పేరు ఎక్కడ దొరుకుతుంది?

నాకు ఆ కథలో అన్నిటికంటే గొప్పగా అనిపించేది ఖాసిం చావు. అన్న ఖాసిం డబ్బున్నవాడు, తమ్ముడు ఆలీబాబా కట్టెలు కొట్టుకునేవాడు. ఖాసిం గుహలోకి వెళ్ళి, బంగారం చూసి కళ్ళు తిరిగి, బయటికి రావాలనేసరికి మాట మర్చిపోతాడు. ఏదో ధాన్యం అని గుర్తుంటుంది, ఏ ధాన్యమో గుర్తురాదు. బార్లీ అంటాడు, ఇంకోటంటాడు, ఇంకోటంటాడు. తలుపు కదలదు. చేత్తో ఎప్పుడూ కాయ దులపనివాడికి ఆ మాట నోటికి ఆనలేదని నేను అనుకుంటాను. వినడం విన్నాడు గానీ అది వాడి ఇంటి మాట కాదు. ఫాంటసీలో మంత్రపు మాటతో చెయ్యగలిగిన పనుల్లో ఇంత పెద్ద పని ఇంకోటి లేదు, మర్చిపోవడం. ఎంత శక్తి ఉన్న మాటైనా మనిషి జ్ఞాపకం మీద ఆధారపడి ఉంటుంది, జ్ఞాపకం భయం మీదా దురాశ మీదా ఆధారపడి ఉంటుంది.

అదే మాట తెలుగులో "నువ్వులూ తెరుచుకో" అని పెట్టి చూడండి. పనిచెయ్యదు. మన ఇళ్ళల్లో నువ్వులు అనగానే తర్పణం గుర్తొస్తుంది, శనివారం గుడి దగ్గర నల్లబట్టలో మూటకట్టిన దీపం గుర్తొస్తుంది. మన నువ్వులు వేరే తలుపులు తెరుస్తాయి. అలెప్పో ఇల్లు అలెప్పోదే, మన ఇల్లు మనదే.

మరి మన ఇంట్లో ఏముంది?

ఇక్కడ మా తాతగారి గురించి చెప్పాలి. పోర్టులో చేసి రిటైరయ్యారు, ఇప్పుడు తొంభై దాటాయి. సింహాచలం స్వామి ఇలవేల్పు, రోజూ పొద్దున్నే స్నానం చేసి నృసింహ జపం చేస్తారు. చిన్నప్పుడు నాకు ఆ జపం కంటే దానికి ముందు చేసే న్యాసం ఇష్టం, ఎందుకంటే అందులో చేతులు కదులుతాయి. హృదయాయ నమః అని గుండె మీద, శిరసే స్వాహా అని తల మీద, శిఖాయై వషట్ అని పిలక దగ్గర, కవచాయ హుం అని రెండు చేతులూ అడ్డంగా భుజాల మీద, నేత్రత్రయాయ వౌషట్ అని కళ్ళ మీద, చివర్న అస్త్రాయ ఫట్ అని కుడిచెయ్యి తల చుట్టూ తిప్పి ఎడమ అరచేతి మీద రెండు వేళ్ళతో టప్పున ఒక చప్పుడు. తర్వాత భూర్భువస్సువరోమితి దిగ్బంధః. దిక్కులన్నీ కట్టేశారు, ఇంక లోపలికి ఏదీ రాదు.

జానపద సినిమాల్లో గడ్డం మాంత్రికుడు పుర్రె ముందు కూర్చుని "హాం ఫట్" అని అరుస్తాడే, ఆ ఫట్ ఇదే. పిల్లల పత్రికల సీరియల్స్‌లో మాంత్రికులు అరిచిందీ ఇదే, వన్‌టౌన్ సంతల్లో గారడీవాళ్ళు అరిచిందీ ఇదే. ఇంట్లో ప్రతిరోజూ పొద్దున్న వింటూ కూడా నేను ఈ రెండిటినీ ఎప్పుడూ కలపలేదు, ముప్పై ఏళ్ళు దాటాక మేనకోడలు అడిగితే గానీ.

దీని వయసు చూస్తే తల తిరుగుతుంది. అథర్వవేదంలో ఉంది, శుక్ల యజుర్వేదపు వాజసనేయి సంహితలో ఉంది. దానికి డిక్షనరీ అర్థం లేదు, అది ఒక చప్పుడు, ఏదో పగిలిన చప్పుడు. ఇప్పటికీ మనం కుండ ఫట్‌మని పగిలింది అంటాం, బల్బు ఫట్‌మంది అంటాం. వేల ఏళ్ళ నాటి మాట, ఇప్పటికీ వంటింట్లో అదే పని చేస్తోంది. పక్కనున్న వషట్, వౌషట్ కూడా తక్కువవి కావు. యజ్ఞంలో హోత, అంటే మంత్రాలు చదివే ఋత్విక్కు, మంత్రం చివర్న వౌషట్ అని పలికిన క్షణంలోనే హవిస్సు అగ్నిలో పడాలి, ముందూ కాదు వెనకా కాదు. తెల్లారుజామున ఎదురింటి వాళ్ళ టేపులోంచి వినిపించే "విశ్వం విష్ణుర్వషట్కారో" గుర్తుందా? విష్ణువు వెయ్యి పేర్లలో మూడోదే వషట్కారం, ఆ మాటే దేవుడి పేరయిపోయింది. స్వాహా గతి మాత్రం వేరేలా అయ్యింది, అగ్నికి ఇచ్చేటప్పటి మాట కాస్తా పేపర్లో "కోట్లు స్వాహా" అయిపోయింది. అది చదివినప్పుడల్లా నాకు బాధగానే ఉంటుంది.

ఇంకో సంగతి, ఇది నేను ఎక్కడా చదవలేదు, రాస్తూ రాస్తూ నాకు తట్టింది. తెలుగు మాట అచ్చుతో ఆగుతుంది. బస్ వస్తే బస్సు చేసుకున్నాం, రోడ్ వస్తే రోడ్డు చేసుకున్నాం, ఫ్యాన్‌ని ఫ్యాను చేసుకున్నాం. ఏ మాటొచ్చినా చివర్న తలుపు కొంచెం తెరిచి ఉంచడం మన నోటికి అలవాటు. కానీ ఫట్‌ని ఎవరూ ఫట్టు అనరు. వషట్టు అనరు. ఆ పొల్లు దగ్గర నోరు టక్కున మూసుకుపోతుంది, తలుపు వేసినట్టు. మన ఇంటి మాటే, కానీ మన మామూలు మాటల్లా ముగియదు, అందుకే తెలుగు చెవికి అది వినగానే ఒళ్ళు జలదరిస్తుంది అనుకుంటున్నాను. కాబట్టి తెలుగులో ఫాంటసీ రాసేవాళ్ళు లాటిన్ తోకలు వెతుక్కోనక్కర్లేదు, మన నోటికి ఒక్క పొల్లు చాలు.

ఋషికొండలో సాఫ్ట్‌వేర్ చేసే నా ఫ్రెండ్ దీనికి ఒప్పుకోలేదు. ఎక్స్ వై జెడ్ జెడ్ వై సంగతేంటి మరి అన్నాడు. 1970ల మధ్యలో విల్ క్రౌథర్ రాసిన గుహల కంప్యూటర్ గేమ్‌లో మంత్రపు మాట అది, టైప్ చేస్తే గుహలోంచి బయట బిల్డింగ్‌లోకి వచ్చి పడతారు. దానికి ఇల్లూ లేదు వాకిలీ లేదు, అయినా బతికింది, పాత విండోస్‌లో మైన్‌స్వీపర్ ఆటలో దొంగదారి కూడా అదే మాట. మంచి పాయింటే. చాలాసేపు ఆలోచించాను. కానీ అది పలికే మాట కాదు కదా, కొట్టే మాట. గేమ్‌లో కూడా అది గుహ గోడ మీద రాసి కనిపిస్తుంది, ఎవరూ నోటితో చెప్పరు. స్క్రీన్ మీద అక్షరాలు తప్ప బొమ్మ లేని రోజుల్లో, రాత్రంతా కీబోర్డు ముందు కూర్చున్న మనుషుల ఇంటి మాట అది. వాళ్ళ ఇల్లు ఆ కీబోర్డే. నా వాదనకి ఇది అడ్డం రాలేదు, ఇల్లు అంటే నాలుగు గోడలే కానక్కర్లేదని మాత్రం నేర్పింది.

కొత్త మాటలు పుట్టించకూడదా అని ఇంకొకరు అడిగారు. పుట్టించాలి, కానీ పింగళి నాగేంద్రరావు గారు ఎలా పుట్టించారో చూడండి. మాయాబజార్ (1957) లో మాయ తివాచీ పేరు గింబళి, మాయ మంచం పేరు గిల్పం. ఎక్కణ్ణుంచి వచ్చాయి? కంబళి గింబళి, తల్పం గిల్పం. పుస్తకం గిస్తకం, టీ గీ అని మనం పొద్దున్న లేస్తే అనే మాటే, ఆ "గి"ని పట్టుకుని ఆయన వస్తువుని చేసేశారు. అప్పటిదాకా "గిస్తకం" అనే వస్తువు లోకంలో లేదని మనకి తెలుసు, అయినా రోజూ అంటూనే ఉన్నాం, ఆ లేని వస్తువుల లోకంలోంచే మాయ వస్తువులు వచ్చాయి. తెలుగు ఫాంటసీలో ఇంతకంటే తెలివైన పని నేను చూడలేదు. పాతాళ భైరవి (1951) లో మాంత్రికుడి "డింభకా" కూడా అంతే, డింభకుడు అంటే సంస్కృతంలో చిన్నపిల్లాడు, నిఘంటువులో పడుకున్న మాటని లేపి పిలుపుగా మార్చారు, ఇప్పటికీ ఫ్రెండ్స్ మధ్య తిరుగుతోంది.

ఇంత మెచ్చుకున్నాక ఒక ఫిర్యాదు కూడా చెప్పాలి, ఈ వ్యాసం రాయడానికి సగం కారణం అదే. మన జానపద కథలు ఫట్‌ని తీసుకెళ్ళి విలన్ నోట్లో పెట్టాయి. తాతగారిని నేను అడిగాను, ఈ ఫట్‌తో ఎవర్నైనా చంపొచ్చా అని. ఆయన చాలాసేపు నా మొహం చూసి, "అది కంచెరా. కంచెతో ఎవడైనా కొడతాడా?" అన్నారు. దిక్కులు కట్టుకోడానికి, తనని తాను కాపాడుకోడానికి ఉన్న మాట. తెర మీదికొచ్చేసరికి అవతలివాణ్ణి రాయి చేసేదీ, చిలకని చేసేదీ, కాల్చి బూడిద చేసేదీ అయిపోయింది. వేరే దేశాల్లోనూ ఇలాంటిది జరిగింది, హోకస్ పోకస్ అనే గారడీ మాట చర్చిలో లాటిన్ ప్రార్థన మాటల్ని వెక్కిరించగా వచ్చిందని 17వ శతాబ్దం చివర్లో జాన్ టిలట్సన్ అనే ఇంగ్లిష్ ఆర్చిబిషప్ అనుమానించాడు, అది ఊహే అనుకోండి.

సినిమాయే కదా, కథే కదా అంటారు. నేను వైజాగ్ మనిషిని, నాకు అలా అనడం కష్టం. మన పక్కనే మన్యంలో చిల్లంగి అనే మాట ఉంది, చేతబడి లాంటిది. ఎవరింట్లోనో పిల్లాడికి జ్వరమొచ్చి పోతాడు, ఊరి చివర ఒంటరిగా ఉండే ముసలాయనో ముసలావిడో పెదాలు కదుపుతూ కనిపించారని ఎవరో చెప్తారు, చిల్లంగి పెట్టారంటారు, తర్వాత పేపర్లో ఒక మూల చిన్న వార్త వస్తుంది. ఒకసారి కాదు, ఏళ్ళ తరబడి వస్తూనే ఉంది. సినిమాల వల్లే ఇదంతా అని నేను అనను, చిల్లంగి భయం సినిమా కంటే చాలా పాతది. కానీ గొణిగే మనిషి అంటే చంపేవాడు అనే బొమ్మని మళ్ళీ మళ్ళీ గీసే పనిలో నా కలం ఉండకూడదు. మంత్రాలకు చింతకాయలు రాలవని మన పెద్దవాళ్ళే అన్నారు, అదే నోటితో తాయెత్తూ కట్టారు. ఆ రెండూ తెలిసిన ఇంట్లోంచి వచ్చే కథలో మంత్రపు మాట కాపాడేదై ఉండాలి, లేదా కనీసం ఖాసిం కథలోలా పలికినవాణ్ణే పరీక్షించేదై ఉండాలి. ఎదుటివాణ్ణి బూడిద చేసే మాట రాయడం చాలా సులువు, దానికి ఏ ఇల్లూ అక్కర్లేదు.

నాకు మాట దొరికింది మాత్రం హుద్‌హుద్ తుఫాను రోజు గుర్తొచ్చినప్పుడు. 2014 అక్టోబర్ 12, ఆదివారం. ఆ రోజు ఊళ్ళో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. గంటకి 180 కిలోమీటర్ల గాలి అని తర్వాత చదివాం, ఆ రోజు మాకు తెలిసింది చప్పుడే. పొద్దున్నే కరెంటు పోయింది, ఫోన్లు పోయాయి, మేడమీద వాటర్ ట్యాంకు దొర్లిన చప్పుడు, ఎక్కడిదో రేకు వీధిలో కొట్టుకుంటూ వెళ్ళిన చప్పుడు. అందరం హాల్లో మధ్యలో కూర్చున్నాం. తాతగారు ఒక మూల చాప మీద కళ్ళు మూసుకుని న్యాసం మొదలుపెట్టారు. ఆయన అస్త్రాయ ఫట్ అని చెయ్యి తల చుట్టూ తిప్పిన క్షణంలో ముందుగది కిటికీ అద్దం ఫట్‌మని పగిలింది. రెండూ ఒకేసారి, ఏది ముందో చెప్పలేను. అమ్మ కెవ్వుమంది. ఆయన కళ్ళు తెరవలేదు, అరచేతి మీద రెండు వేళ్ళతో చప్పుడు చేసి జపంలోకి వెళ్ళిపోయారు. మధ్యలో కాసేపు గాలి పూర్తిగా ఆగిపోయింది, అయిపోయిందేమో అనుకుని తలుపు తియ్యబోతుంటే ఆయనే వద్దన్నారు, తర్వాత ఈసారి అటువైపు నుంచి మొదలైంది. ఆ మాట మమ్మల్ని కాపాడిందని నేను వాదించను, గోడలు గట్టివి. కానీ ఆ రోజు ఆ చప్పుళ్ళన్నిట్లో మనిషి చేసిన చప్పుడు అదొక్కటే, దాన్ని పట్టుకుని మేము సాయంత్రం దాకా కూర్చున్నాం.

మూడో చాప్టర్ మళ్ళీ రాశాను. ఇప్పుడు ఆ పిల్లకి మాట ఎవరూ పనిగట్టుకుని నేర్పరు, వాళ్ళ తాత రోజూ చేస్తుంటే చూస్తూ పెరిగింది, అంతే. నీడ గుమ్మం దాకా వచ్చినప్పుడు దానికి ముందు మాట గుర్తురాదు, చెయ్యి గుర్తొస్తుంది. చెయ్యి తల చుట్టూ తిరిగాక నోటికి దానంతటదే వస్తుంది. మేనకోడలికి ఫోన్‌లో చదివి వినిపిస్తే ఏ ప్రశ్నా అడగలేదు, తర్వాత ఏమైంది అంది.

తాతగారికి పోయిన ఆదివారం వినిపించాను. చెవులు సరిగ్గా వినిపించవు కాబట్టి దగ్గరగా కూర్చుని గట్టిగా చదివాను. అంతా విని, "బావుందిరా. కానీ కట్టిందాన్ని విప్పాలి కదా, పొద్దున్న లేచి మీ పిల్ల విప్పిందా?" అన్నారు. జపం అయ్యాక మళ్ళీ న్యాసం చేసి, దిగ్బంధః అన్నచోట దిగ్విమోకః అంటారు, కట్టిన దిక్కుల్ని వదిలేస్తారు. నేను అది పూర్తిగా మర్చిపోయాను. పిల్ల తలుపు కట్టేసి నిద్రపోయింది, తెల్లారింది, ఆ ఇంట్లోకి ఇంక ఏ దిక్కు నుంచీ ఏదీ రాలేదు, గాలి రాలేదు, పాలవాడు రాలేదు, రాత్రి షిఫ్టుకి వెళ్ళిన వాళ్ళ నాన్న వచ్చి గుమ్మం బయటే నిలబడి ఉన్నాడు. నాలుగో చాప్టర్ అక్కణ్ణుంచి రాస్తున్నాను.